ఒక్క లైనూ రాయని వియ్యంకుడు

ఇది రాయకూడదనే అనుకున్నాను. మా వియ్యంకుడు పోయినాడన్న కబురు వచ్చినప్పుడు నేను సెలూనులో సగం గడ్డంతో ఉన్నాను. మా అమ్మాయి ఫోను చేసి "నాయనా, మామ పోయినాడు" అనింది.  అట్లే లేచి పోదామా, మిగతా సగం కూడా గీయించుకుందామా అని ఆలోచించినాను. గీయించుకునే పోయినాను. సగం గడ్డంతో పోతే అక్కడి జనం ఆయన్ని వదిలేసి నన్ను చూస్తారు. ఆ ఒక్కరోజు మటుకు ఆయనతో పోటీకి నిలబడకూడదనిపించింది.

తిరుపతిలో బస్సెక్కి వడమాలపేటలో దిగేలోపలే ఫోనులో మా రాసేవాళ్ళ గ్రూపు నిండిపోయింది. ఆయన రాయించిన వాళ్ళంతా ఆయన మీద రాసేసినారు. కవితలు, పాటలు, కన్నీళ్ళు, దండం పెట్టే చేతుల బొమ్మలు. ఒకరు ఆయన్ని చెట్టన్నారు, ఒకరు దీపమన్నారు, ఇంకొకరు ఏకంగా ఏడుకొండల పక్కన ఎనిమిదో కొండన్నారు. వాళ్ళింటి దగ్గర మా కండక్టరు కవి నన్ను పక్కకు పిలిచి, "వియ్యంకులు గదా అన్నా, మీరు రాయకపోతే బాగుండదు" అన్నాడు. "బాగుండకపోతే పోనీలే అప్పా" అన్నాను.

మరి ఇప్పుడెందుకు రాస్తున్నట్టు? వీళ్ళు రాసిందంతా చదివినాక ఒక్క మాట ఎవరూ రాయలేదని తేలింది. ఆయన మీద నాకుండే కడుపుమంట. అది ఇంకెవరికీ లేదు. నేను రాయకపోతే ఆయన వెనకాలే అది కూడా పోతుంది. అసూయ అనేది పుస్తకాల మాట. మా పక్క కడుపుమంట అంటాం. మనకు తిండి చాలక వచ్చేది ఆకలి. పక్కవాడి ఆకు నిండితే వచ్చేది ఇది.

నా సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, మీకు ఈ గొడవ అర్థం కాదు.

నేను బోర్డులు రాసేవాణ్ని. బడికి పోయింది తక్కువ. మా మేనమామ రంగు డబ్బా పట్టుకునేదానికని నన్ను తిరుపతికి తెచ్చినాడు. ఆయన సుద్దముక్కతో గోడ మీద అక్షరం గీస్తే నేను దాని పొట్టలో రంగు నింపేవాణ్ని. అంటే చదవడం రాకముందే నాకు రాయడం వచ్చింది. నేను రాసిన బోర్డును దోవలో పోయేవాళ్ళు పైకి చదువుకుంటా పోతే, "ఓహో, నేను రాసింది ఇదా!" అనుకొనేవాణ్ని. నా రాత ఇంకొకరి నోట్లో వినడమంటే నాకు అప్పటి నుంచీ ఒక పిచ్చి. నా బోర్డులు చూసే చదవడం నేర్చుకున్నాను. తర్వాత అద్దె పుస్తకాలు, తర్వాత కథలు. ఆదివారం సంచికల్లో కొన్ని అచ్చయినాయి. ఫ్లెక్సులు వచ్చినాక బ్రష్షులకు పని పోయి, కథలకు తీరిక దొరికింది. మా వీధిలో రచయితనంటే నేనొక్కణ్నే. ఒక్కడే ఉన్న చోట అందరికంటే గొప్పవాడు వాడే గదా. ఆ లెక్కన నేను చాలా కాలం గొప్పవాణ్ని.

అట్లాంటి రోజుల్లో మా అమ్మాయిని వడమాలపేట వాళ్ళింటికి ఇచ్చినాను.

పెండ్లికొడుకు నాయన బస్టాండు ఎంక్వయిరీలో పని చేసేవాడు. మైకులో "తిరుపతి నుంచి మద్రాసు పోవు బస్సు, రేణిగుంట, వడమాలపేట, పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా..." అని చెప్పే గొంతు ఆయనదే. ఊర్లన్నీ మద్రాసును చెన్నై అని మార్చుకున్నా ఆయన నోట్లో అది మద్రాసే. ఆ గొంతు విని, పోవాల్సిన బస్సు వదిలేసి ఈ బస్సెక్కినోళ్ళు ఉన్నారని వాళ్ళావిడ, అంటే మా చెల్లెమ్మ, చెప్పేది. నేను నమ్మలేదు. పెండ్లిలో నమ్మినాను. భోజనాల వేళ మైకు పిల్లోడు యాడికో పోతే, ఈయన మైకు అందుకొని బంతికి పిలిచినాడు. వంకాయ కూర, చింతపండు పులిహోర, పాయసం అని పేర్లు చదివినాడు, అంతే. కడుపు నిండిన వాళ్ళు కూడా మళ్ళీ వచ్చి కూర్చున్నారు. వంట చేయించింది నేను. తినిపించింది ఆయన గొంతు. పోతా పోతా మా చుట్టాలు నా చెయ్యి పట్టుకొని, "మీ వియ్యంకుడు ఏం మనిషబ్బా!" అని పోయినారు. నా కడుపులో మొదటి నిప్పు అప్పుడే రాజుకునింది.

ఇంక అసలు సంగతి. ఒకసారి తిరుపతిలో పెద్ద సాహిత్య సభ జరిగింది. స్థానిక రచయితలు తమ కథలు చదవొచ్చునని పిలిచినారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకొని, కథ మడిచి జేబులో పెట్టుకొని పోయినాను. ముఖ్య అతిథి మాట్లాడినాడు, విశిష్ట అతిథి మాట్లాడినాడు, ఆత్మీయ అతిథి అందరికంటే ఎక్కువ మాట్లాడినాడు. శాలువాలు కప్పినారు. కప్పించుకున్న వాళ్ళు కప్పిన వాళ్ళకు మళ్ళీ కప్పినారు. ఆఖరుకు "సమయాభావం వల్ల" అని ఒకాయన మైకులో అనగానే కరెంటు మనిషి ఫ్యాన్లు ఆపేసినాడు. నేను నేరుగా వడమాలపేట బస్సెక్కినాను. ఎందుకెక్కినానో తెలీదు. అమ్మాయిని చూసే సాకుతో ఎవరికైనా చెప్పుకోవాలనిపించి ఉంటుంది.

"ఏం బావా, మొఖం అట్ట పెట్టుకోనుండావు? నా కోడలు ఏమన్నా అనిందా?"

"నీ కోడలు బంగారం. నీ కోడలి నాయనకే బాగలేదు" అని జరిగింది చెప్పినాను.

ఆయన చెనిక్కాయలు ఒలుచుకుంటా విన్నాడు. "రాసేటోళ్ళు ఎంతమంది వచ్చినారు?"

"చానామంది."

"ఎవురిదీ చదవలేదా?"

"శాలువాలకే సరిపోయింది పొద్దు."

"అంటే మద్రాసు బస్సని బోర్డు పెట్టి, అందర్నీ ఎక్కించుకొని, స్టాండులోనే ఒక చుట్టు తిప్పి దింపేసినారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కోపం కొంచెం దిగింది. "వచ్చే నెల రెండో ఆదివారం ఈడికి రా బావా. నీ కథ నేను చదవతా" అన్నాడు.

ఆ నెలంతా నేను కథను దిద్దినాను. ఆ గొంతులో నా వాక్యం ఎట్లుంటుందో ఊహించుకుంటా దిద్దినాను. రెండో ఆదివారం పోయి చూస్తే, వాళ్ళింటి ముందర రేకుల షెడ్డులో చాపలు పరిచి ఉండాయి. చాపల మీద మనుషులు! పద్యాలు కట్టే కండక్టరొకడు, పుత్తూరులో జాకెట్లు కుట్టే అమ్మాయొకతె, బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసేటాయన. నేను ఆయన్ని లోపలికి పిలిచి, "వీళ్ళెవురు బావా?" అన్నాను.

"రాసేటోళ్ళు. నీ మాదిరే."

ఆ 'నీ మాదిరే' నాకు ఈ రోజుకూ అరగలేదు.

ఆయన చెప్పులు విడిచి, రుమాలు మడిచి ఒళ్ళో పెట్టుకొని, కండక్టరు పద్యం అందుకున్నాడు. ఎంత చిన్న కవితకైనా ఆయన చెప్పులు విడవకుండా చదివేవాడు కాదు. ఆ పద్యంలో ఏమీ లేదు, నేను పందెం కడతాను. కానీ ఆయన చదవతా ఉంటే అందులో ఏదో ఉన్నట్టే ఉండింది. కండక్టరు తన పద్యాన్ని తానే నోరు తెరుచుకొని విన్నాడు. తర్వాత కుట్టు అమ్మాయిది, తర్వాత బంగారుపాళ్యం ఆయనది. నాది మటుకు ఎత్తలేదు. నేను దగ్గినాను. జేబు తడుముకున్నాను.

"నువ్వు ఇంటి మనిషివి బావా" అన్నాడు. "ఇంటోళ్ళ ఆకు కడాబంతిలో గదా ఏసేది."

ఆ కడాబంతి, అంటే ఆఖరు పంక్తి, వచ్చేలోపల బంగారుపాళ్యం ఆయన బస్సుకు వేళయింది. అందరూ లేచినారు. "నీది వచ్చే నెల" అన్నాడు.

ఆడపిల్లను ఇచ్చినోడు పెండ్లిలో అందరికీ వడ్డించి కడాబంతిలో తినాలని నాకు తెలియంది కాదు. మా నాయన అట్లే తిన్నాడు, నేనూ అట్లే తిన్నాను. అయితే అది అన్నం సంగతి. కథలకు కూడా అదే పద్ధతి అంటే ఎట్లా?

రెండో నెలకు ఆయన ఇంకో పద్ధతి పెట్టినాడు. రాసినోడు తన రాత తాను చదవకూడదు. "బస్సు నడిపే డ్రైవరే కిందికి దిగి జనాన్ని పిలుస్తాడా? దానికి వేరే మనిషుండల్ల" అన్నాడు. మొదటిసారి వచ్చినోళ్ళ రాత తానే చదివేవాడు. తర్వాత నుంచి ఒకరిది ఒకరు చదవాలి. నేను మొదటిసారి వచ్చినప్పుడు నాది చదవలేదు. రెండోసారికి నేను పాతవాణ్నయిపోయినాను. "అదెట్టా బావా?" అంటే, "నీది నేను చదివితే వియ్యంకుడని బాగ చదివినాడంటారు. నీ కథకే చెడ్డపేరు" అన్నాడు. నా కథను తీసి కండక్టరు చేతికిచ్చినాడు. వాడు దాన్ని "టికెట్ టికెట్ టికెట్" అన్నట్టు చదివినాడు. చిల్లర లేదన్నట్టు మధ్య మధ్యలో నా మొఖం చూసినాడు.

చదివినాక చప్పట్లు లేవు. శాలువా అసలే లేదు. ఆయన అందర్నీ ఒకటే అడిగేవాడు. "ఎవురెవురు యాడ దిగినారు?"

కథంటే తిరుపతిలో బయలుదేరి మద్రాసు పోయే బస్సని ఆయన లెక్క. వినేవాళ్ళ మనసు ఎక్కడ పక్కకు పోతే అక్కడ దిగినట్టు. రేణిగుంటలో దిగినారంటే మొదట్లోనే విసుగొచ్చిందని. నగరి దాకా వచ్చినారంటే పర్వాలేదు. మద్రాసు దాకా కూర్చున్నారంటే అది కథ. బాగుంది, బాగలేదు అనే మాటలు ఆ షెడ్డులో నిషేధం. ఎంత మొఖమాటస్థుడైనా ఊరి పేరు చెప్పేదానికి మొఖమాటపడడు గదా.

"నేను రేణిగుంటలోనే దిగేసినాను" అన్నాడు బంగారుపాళ్యం ఆయన, నా కథకు.

"నేను పుత్తూరు దాకా వచ్చినాను పెద్దనాయనా" అనింది కుట్టు అమ్మాయి. "ఆడ మీరు సినిమా పోస్టర్ల సంగతి ఎత్తుకున్నారే, ఆడ దిగేసినాను."

"అదే తల్లీ కథకు ప్రాణం!"

"ప్రాణమైతే మొదట్లోనే ఎక్కించుకోవల్ల బావా" అన్నాడు మా వియ్యంకుడు. "సగం దోవలో ఎక్కితే సీటు యాడుంటాది?"

అందరూ నవ్వినారు. నేను కూడా నవ్వినట్టు పెట్టినాను మొఖం. కథది తప్పు కాదు, చదివిన గొంతుది తప్పు అని నా వాదన. ఆయన చదివితే అదే కథ మద్రాసు దాటి సముద్రంలో కూడా దిగేది. ఆ తర్వాత ఇన్నేళ్ళూ నేను ఆ షెడ్డుకు పోయింది సాహిత్య సేవకు కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా కథ ఆ గొంతులో వినాలి. అంతే నాకు కావాల్సింది. ఆయనకది తెలుసు. తెలిసీ కడాబంతి అనేవాడు.

రిటైరైనాక కూడా ఆయన బస్టాండుకు పోయేవాడు. ప్రయాణానికి కాదు, రాసేవాళ్ళను పట్టేదానికి. బెంచీ మీద కూర్చొని జనాన్ని చూసేవాడు. "రాసేటోణ్ని ఎట్ట కనిపెడతావు బావా?" అని అడిగినాను. "చేతిలో కాగితం ఉండేటోడు కాదు. కాగితం ల్యాక జేబులన్నీ ఎతుక్కుంటాడే, వాడు" అన్నాడు. వాడి పక్కకు జరిగి, "యాడికి పోవల్ల నాయనా?" అని మొదలుపెట్టేవాడు. వాడి బస్సు వచ్చేలోపల రెండో ఆదివారం ఖాయమయ్యేది. ఎప్పుడూ ఎవరి రాతనూ పొగిడింది నేను వినలేదు. అయినా వచ్చినోళ్ళు మళ్ళీ వచ్చినారు. వాళ్ళ వెనకాల ఇంకొకరు వచ్చినారు. చాపలు చాలక చెల్లెమ్మ జంపఖానా తీసింది.

కుట్టు అమ్మాయిని వాళ్ళమ్మ రానీయలేదు. ఆదివారం పూట పని ఎవరు చేస్తారు, ఈ కథలు కూడు పెడతాయా అని ఆమె బాధ. ఈయన పుత్తూరు పోయి, "అమ్మా, పాప ఈడ చేసే పని మా ఇంట్లో చేసుకుంటాది. పనీ అయితాది, కథా అయితాది" అని ఒప్పించినాడు. అప్పటి నుంచి ఆ అమ్మాయి చాప మీద జాకెట్లకు హుక్కులు కుడతా వినేది. కథ బాగుంటే సూది ఆగేది. మేమంతా చెవులు కథకూ, కళ్ళు ఆ సూదికీ పెట్టేవాళ్ళం. నా కథకు ఎప్పుడూ ఆగలేదు. ఒక్కసారి ఆగింది, దారం అయిపోయి.

ఇంకో అలవాటు. ఎవరి కథైనా పత్రిక నుంచి తిరిగొస్తే ఆ నెల ఆయన ఉడకేసిన చెనిక్కాయలు పంచేవాడు. "పోయిన బస్సు తిరిగొస్తేనే గదా మళ్ళా పోయేది" అనేవాడు. తిరిగొచ్చినోళ్ళు సిగ్గుపడకుండా తట్ట పట్టుకొని తామే పంచేవాళ్ళు. చూస్తే నాకు ఒళ్ళు మండేది. నా కథలు ఎన్నేళ్ళు తిరిగొచ్చినాయో! ఒక్కరన్నా చెనిక్కాయ గింజ చేతిలో పెట్టినారా? నేను వాటిని రంగు డబ్బాల కింద దాచుకున్నాను. వీళ్ళకేమో తిరిగొస్తే పండగ. ఇంత సులువుగా దొరికితే రచయిత కష్టం ఏం తెలుస్తుందని వాదించినాను. "నువ్వు పడిన కష్టం వీళ్ళు గూడా పడల్లంటావా?" అన్నాడు. అవుననే నా మనసులో ఉండింది. చెనిక్కాయలు నమిలి ఊరుకున్నాను.

కుట్టు అమ్మాయి కథ ఆదివారం సంచికలో అచ్చయినప్పుడు ఆ పేపరు పట్టుకొని నేరుగా ఆయన దగ్గరకు వచ్చింది. కాళ్ళకు దండం పెట్టింది. నా కూతురు ఆయన్ని మామా అంటుంటే ఆ అమ్మాయి నాయనా అనేది. నేను పక్కనే ఉన్నాను. నాకు పేపరు మటుకు చూపించింది.

ఆ అమ్మాయి పోయినాక అడిగేసినాను. "బావా, నువ్వు ఒక్క లైను రాయవు. నీకెందుకయ్యా ఈ పేరంతా?"

"నేనడిగినానా?"

"అడక్కుండానే వస్తా ఉండాదే, అదే నా బాధ!"

ఆయన నవ్వి నవ్వి దగ్గినాడు. "నువ్వు రాస్తావు, నేను రాయను. ఇద్దురమూ రాస్తే వినేటోడు ఎవురు బావా?"

ఆ దగ్గు నవ్వు వల్ల అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. ఊపిరితిత్తులు పాడైనాయని తిరుపతిలో పెద్దాసుపత్రిలో చేర్చినారు. మా ఇల్లు దగ్గర కాబట్టి అన్నం క్యారియరు నేను తీసుకుపోయేవాణ్ని. రాగి సంగటి తినలేక పక్కన పెట్టి, "ఈ నెల ఏమొచ్చినాయి?" అనేవాడు. వచ్చినవన్నీ నేనే చదివి వినిపించేవాణ్ని. చూడండి నా బతుకు, కండక్టరు పద్యాలు నా నోటితో నేను చదవాల్సి వచ్చింది! చదివినాక ఆయన కళ్ళు మూసుకొనే "నగరి" అనో, "పుత్తూరు" అనో అనేవాడు.

ఒకరోజు నా కథ తీసి ఆయన చేతిలో పెట్టినాను. "బావా, ఒక్కసారి. నువ్వు చదువు."

"గొంతులో గాలి ల్యా బావా."

"మెల్లిగా చదువు. నా ఒక్కనికి వినపడితే చాలు."

 కళ్ళజోడు పెట్టమన్నాడు. కాగితాలు ఎత్తి పట్టుకున్నాడు. పెదాలు కదిలినాయి. శబ్దం రాలేదు. నేను ఆ పెదాలనే చూస్తా కూర్చున్నాను, ఏ లైను దగ్గరున్నాడో కనిపెట్టాలని. ఇక్కడ మా మేనమామ వస్తాడు, ఇక్కడ వాన మొదలవుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. సగం దాకా వచ్చినాడో లేదో, కాగితాలు గుండెల మీద పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు.

నాకు గుబులు పుట్టింది. "యాడ దిగినావు బావా?"

కళ్ళు తెరవలేదు. "ఇంగా బస్సులోనే ఉండా" అన్నాడు.

ఆ రోజు నేను ఇంటికి ఆటో ఎక్కలేదు. నడిచే పోయినాను. మా ఆవిడకు చెప్పినాను. "పెద్ద మనిషి మంచి మాట అన్నాడు, కాళ్ళు కడుక్కొని అన్నం తిను" అనింది. తిన్నాను. ఆ గొంతు నాకు దొరకలేదు గానీ, ఆ మాట దొరికింది. ఇంకెవరికీ దొరకనిది నాకు ఒకటుండాది అనుకున్నాను. అట్లా అనుకుంటా ఉండగానే కొన్నాళ్ళకు సెలూనులో ఆ ఫోను వచ్చింది.

పదోరోజు కర్మ అయినాక అందరూ షెడ్డులో చాపల మీద కూర్చున్నారు. ఒక్కొక్కరే లేచి మాట్లాడినారు. కుట్టు అమ్మాయి లేచింది. "ఆస్పత్రిలో నా కొత్త కథ ఇచ్చినాను. నాయనకు గొంతు రాలేదు, పెదాలతోనే చదివినాడు. యాడ దిగినావు నాయనా అంటే, ఇంగా బస్సులోనే ఉండా తల్లీ అన్నాడు" అని ఏడ్చింది.

షెడ్డంతా కళ్ళు తుడుచుకునింది. నా కళ్ళు మటుకు ఎండిపోయినాయి. పక్కన కూర్చున్న కండక్టరు నా చెవి దగ్గరకు వంగి, "నాతో గూడా అదే అన్నాడన్నా" అని ముక్కు చీదినాడు.

ఏం చెప్పమంటారు? ఆ సీటు నా ఒక్కడిదే అనుకొని తువ్వాలు వేసి కూర్చున్నాను. చూస్తే బస్సు నిండా జనం. చచ్చిపోయిన మనిషితో పోట్లాట పెట్టుకునేదానికి కూడా లేదు. ఫొటోకు వేసిన దండ సర్దే నెపంతో లేచి, దగ్గరగా పోయి, "అందరికీ ఒకే టిక్కెట్టు కొట్టినావా బావా?" అని మెల్లిగా అడిగినాను. ఫొటోలో ఆయన నవ్వతానే ఉన్నాడు. కర్మకు వచ్చిన జనం నేను మొక్కుకుంటున్నాననుకున్నారు.

అంతా అయినాక కండక్టరు గొంతు సవరించుకొని అడిగినాడు. "రెండో ఆదివారం సంగతి ఏం చేద్దాం? ఎవురు చూసుకుంటారు?"

 ఆపేస్తే ఆగిపోతుంది, అంతే. తిరుపతిలో ఎన్ని సంఘాలు అట్లా ఆగిపోలేదు! చెల్లెమ్మ గడప దగ్గర నుంచి, "చాపలు ఈడే ఉండాయి గదా" అనింది. తర్వాత నా వైపు చూసి, "అన్న రాడా?" అనింది.

"మోకాళ్ళ నొప్పులు చెల్లెమ్మా" అన్నాను.

"మోకాళ్ళతో చదవతారా ఏందన్నా?"

ఇంక తప్పలేదు. అయితే నేను మనసులో ఒక షరతు పెట్టుకున్నాను. ఆ తావులో నేను కూర్చోవాలంటే మొదటి నెల మొదటి కథ నాదే కావాలి. ఎవరు చదివినా సరే. ఆయన లేడు కాబట్టి కడాబంతి కూడా లేదు. కొత్త కథ రాసినాను. సినిమా పోస్టర్లు తీసేసినాను. సంచిలో పెట్టుకొని రెండో ఆదివారం వడమాలపేటలో దిగినాను.

అందరూ వచ్చినారు. కథ బయటికి తీస్తా ఉండగా షెడ్డు ముందర ఒకామె వచ్చి నిలబడింది. నడివయసు మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో మడత పెట్టిన కాగితాలు. పులికాట్ పక్క చేపలు పట్టేవాళ్ళ ఊరు ఆమెది. పొద్దున్నే బయలుదేరి రెండు బస్సులు మారి వచ్చినానని చెప్పింది.

"పెద్దాయన ల్యాడా? బస్టాండులో కనపడినప్పుడు రమ్మన్నాడు. అప్పుడు రాలేకపోతిని."

ఆయన పోయినాడని కండక్టరు చెప్పినాడు. ఆమె కవరు వైపు చూసుకునింది. "అయితే పోతాన్లే సామీ" అనింది.

"ఇంత దూరం వచ్చి పోతావా? కూర్చోమ్మా" అని చెల్లెమ్మ నీళ్ళిచ్చింది.

ఆమె చాప అంచున కూర్చునింది. అందరూ నన్ను చూసినారు.  మొదటిసారి వచ్చినోళ్ళది ఎవరు చదవాలో అందరికీ తెలుసు. నా కథ సగం సంచిలో, సగం బయట ఉండాది. దాన్ని లోపలికి తోసినాను. చెయ్యి చాపి ఆమె కాగితాలు తీసుకున్నాను.

ఎండు రొయ్యల గంప పెట్టుకొని బస్సెక్కే తల్లి కథ అది. గంప ఎక్కగానే పక్క సీట్లోవాళ్ళు లేచి ముందుకు పోతారు. తల్లీ కూతుర్లు ఆ ఖాళీ సీట్లలో హాయిగా కాళ్ళు చాపుకొని కూర్చుంటారు. వాళ్ళిద్దరూ దాన్ని తమాషాగా చెప్పుకుంటారు. రెండో పేజీకే నాకు కడుపులో మొదలైంది. ఇన్నేళ్ళు రాసి నాకు రాని వాక్యాలు ఈమెకు గంప మోసుకుంటా ఎట్లా వచ్చినాయి? అయినా చదివినాను. ఆయన గొంతు నాకు లేదు, ఉన్న గొంతుతోనే చదివినాను. సూది ఆగింది. ఈసారి దారం ఉండగానే ఆగింది. అది కూడా చూసినాను.

చదవడం అయిపోయినాక, "ఎవురెవురు యాడ దిగినారు?" అని అడిగినాను. ఎవరూ ఏ ఊరి పేరూ చెప్పలేదు. బస్సుకు వేళయిందని మెల్లిగా లేచినారు.

ఆమె నా దగ్గరకు వచ్చింది. "అన్నా, ఏమనుకోవద్దు. రెండో పేజీ కడాన ఒక లైను ఇడిసిపెట్టేసినారు."

చూసినాను. నిజమే. కావాలని వదిలినానా, కన్ను జారిందా అంటే నాకే తెలీదు. అందర్నీ ఆగమన్నాను. చెప్పులు వేసుకునేవాళ్ళు వేసుకుంటా ఆగినారు. పేజీ వెనక్కి తిప్పి ఆ లైను చదివినాను. "మా అమ్మ ఎంత సబ్బు పెట్టి కడుక్కున్నా, దండం పెడితే దేవునికి గూడా రొయ్యల వాసనే పోతాది."

విన్నారు. బస్సుకు పోయినారు. నేనూ చెల్లెమ్మా చాపలు చుట్టి గోడకు ఆనించినాము.